ఆ పదం 1976లో చేరింది, ఆ విధానం మాత్రం మొదటి నుంచీ ఉంది

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ నెలలోనే మూడోసారి అదే మెసేజ్ వచ్చింది. ‘సెక్యులర్ అన్న పదం అసలు రాజ్యాంగంలో లేదు, ఎమర్జెన్సీలో ఇందిరాగాంధీ చొప్పించింది. అంబేద్కరే వద్దన్నారు. సెక్యులర్ అంటే దేవుడికి వ్యతిరేకం. ఆ పదం తీసేస్తేనే న్యాయం’ అని. పంపింది మా మేనమామ. చిన్నప్పుడు నాకు పలక మీద అక్షరాలు దిద్దించిన మనిషి. ఆయన మాటంటే నాకు లెక్క ఉంది కాబట్టే జవాబు రాస్తున్నాను.

ముందు నిజమైనంత వరకు ఒప్పుకుంటాను. రాజ్యాంగానికి ముందుమాట లాంటి ప్రవేశికలో ఆ పదం చేరింది 1976 నాటి 42వ సవరణతోనే. అప్పుడు ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు, లోక్‌సభ ఐదేళ్ల గడువు దాటి పొడిగింపు మీద నడుస్తోంది. ఆ పద్ధతి తప్పే. అయితే తర్వాత వచ్చిన జనతా ప్రభుత్వం 43, 44 సవరణలతో అందులో చాలా భాగాన్ని తిరగరాసింది. ఆ ప్రభుత్వంలో జైలుకెళ్లి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. అయినా ఈ పదం జోలికి పోలేదు. 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు కూడా దాన్ని తీసెయ్యాలన్న పిటిషన్లను కొట్టేసింది.

ఇక అసలు విషయం. 1976కి ముందు దేశం సెక్యులర్ కాదా? మతాన్ని బట్టి పౌరుల మధ్య వివక్ష చూపకూడదనే 15వ అధికరణం, ఉద్యోగాల్లో అదే చెప్పే 16, ఏ మతాన్నీ పోషించడానికి పన్ను కట్టమని బలవంతం చెయ్యకూడదనే 27, ఇవన్నీ 1950 నుంచీ ఉన్నాయి. సుప్రీంకోర్టులో కేశవానంద భారతి కేసులో ప్రధాన న్యాయమూర్తి సిక్రీ రాజ్యాంగ మౌలిక స్వరూపంలో, అంటే పార్లమెంటు కూడా చెరపలేని పునాదిలో, లౌకిక (సెక్యులర్) స్వభావాన్ని చేర్చింది 1973లో. అప్పటికి ఆ పదం ప్రవేశికలో లేనే లేదు.

నాకు మాత్రం అన్నిటికంటే దగ్గరగా తెలిసింది 325వ అధికరణం. టీచరుగా ఎలక్షన్ డ్యూటీ చేసినప్పుడు ఓటర్ల జాబితా నా ముందుండేది. వరస సంఖ్య, పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరు, వయసు. మతం గడి లేదు. పేరు పైకి చదవడం, ఎర్ర పెన్నుతో గీత పెట్టడం, పక్కనున్న ఉద్యోగి ఓటరు వేలికి సిరా పూయడం, అంతే. బ్రిటిష్ వాళ్ల కాలంలో అలా కాదు. 1909 నుంచి ముస్లింలకు వేరే నియోజకవర్గాలు, వేరే ఓటర్లు. దేశ విభజన చూసి వచ్చినవాళ్లు రాజ్యాంగ సభలో కూర్చుని, అందరికీ ఒకటే జాబితా అని 325లో రాశారు. ఆ కాగితం మీద గీతలు పెట్టిన చెయ్యి నాది. మొన్నమొన్న చొప్పించారంటే ఎలా ఊరుకోను?

అంబేద్కర్ వద్దన్నారన్న మాట సగమే. 1948 నవంబరు 15న రాజ్యాంగ సభ సభ్యుడు కె.టి. షా ‘సెక్యులర్, ఫెడరల్, సోషలిస్ట్’ అని మూడు పదాలు కలిపి చేర్చమన్నారు. అంబేద్కర్ ఇచ్చిన జవాబు ప్రధానంగా సోషలిజం గురించే: సమాజాన్ని సామాజికంగా, ఆర్థికంగా ఏ పద్ధతిలో నడుపుకోవాలో కాలాన్ని బట్టి ప్రజలే తేల్చుకోవాలి, ఇప్పుడే కట్టెయ్యకూడదు అని. మతాన్ని బట్టి రాజ్యం నడవాలని ఆయన అనలేదు.

దేవుడికి వ్యతిరేకం అన్నది నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. 1949 అక్టోబరులో అదే సభలో హెచ్.వి. కామత్ ప్రవేశికను ‘దేవుని పేరిట’ అని మొదలుపెట్టాలని ప్రతిపాదించారు. దేవుణ్ణి ఓటింగుకు పెట్టవద్దని మరో సభ్యురాలు పూర్ణిమా బెనర్జీ బతిమాలారు. చివరికి 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. కాదన్నవాళ్లలో భక్తులు లేరా? తమ దేవుణ్ణి ఇంకొకరి మీద రుద్దడం వాళ్లకు ఇష్టం లేదు. ప్రమాణం మాత్రం దైవసాక్షిగానూ చెయ్యవచ్చు, ఆత్మసాక్షిగానూ చెయ్యవచ్చు. మతాన్ని పాటించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చిన 25వ అధికరణమే గుడి తలుపులు హిందువుల్లో అన్ని కులాలకూ తెరిపించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. మావయ్య ప్రతి శనివారం నిలబడే క్యూలో ముందున్నదెవరో వెనకున్నదెవరో ఆయన అడగరు. అడగాల్సిన పని లేకుండా చేసింది ఆ అధికరణమే.

మావయ్యా, ప్రవేశికలో ఆ ఒక్క పదం తీసేసినా 15, 16, 25, 27, 325 అలాగే ఉంటాయి. న్యాయం కోసం వీటిలో మీరు తీసెయ్యమనేది ఏది?