మహారాజశ్రీ పర్మిషన్ డినైడ్ గారికి

అయ్యా,

నమస్కరించి రాయునది. నేను క్షేమం. మీ క్షేమం అడగను, ‘అనుమతి లేదు’ అంటూ పొద్దుటి నుంచి తెర మీద పదిసార్లు కనబడ్డారు.

నేనెవరో మీకు గుర్తుండదు. ఈ లినక్స్ ఫోన్ సొంతదారుణ్ణి. మీ ఖాతాలో మాత్రం యుఐడి 1000, అంటే 1000 నంబరు మామూలు యూజర్ని. మామూలు ఫోన్లలో రూట్ గదికి, అంటే సర్వాధికారాలున్న ఖాతాకి, తయారీదారే తాళం వేసి పంపిస్తాడు, దీంట్లో తాళంచెవి నీ చేతిలోనే ఉంటుంది అంటే మురిసిపోయి కొన్నాను. నిజమే, తాళంచెవి ఇచ్చారు. ఏ తలుపుదో చెప్పలేదు, అంతే.

నా కోరిక పెద్దదేం కాదు. రాత్రి పదింటికి స్క్రీన్ వెలుగు దానంతటదే తగ్గాలి. దానికి రెండు లైన్ల షెల్ స్క్రిప్ట్ (షెల్ అనే ప్రోగ్రాం వరసగా నడిపే ఆదేశాల ఫైలు) కంప్యూటర్లో రాసి, మెమరీ కార్డులో పెట్టి, ఫోన్‌లో గుచ్చాను. డాట్, స్లాష్, ఫైలు పేరు, ఎంటర్. మీరు ప్రత్యక్షం.

సరే, ఫైలును నడపనిచ్చే ఎగ్జిక్యూట్ బిట్ లేదేమో అనుకుని, దాన్ని తగిలించే సీహెచ్‌మాడ్ కొట్టాను. మార్పు లేదు. రూట్ హోదాలో నడిపించే సుడో పెట్టి నడపబోతే ఆ మహానుభావుడు ఏకంగా ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అన్నాడు. ఫైలు కళ్లెదుటే ఉంది! అరగంట పోయాక తెలిసింది. ఆ కార్డు మీదున్నది ఫ్యాట్ రకం ఫైల్ సిస్టమ్. ఎవరు చదవచ్చు, ఎవరు నడపచ్చు అని రాసుకునే జాగానే దాంట్లో లేదు. కార్డు ఫోన్‌కి జతపడినప్పుడు ఏ అనుమతులు తగిలించారో అవే అన్ని ఫైళ్లకూ. రూట్ అయినా సరే, చదవడానికీ రాయడానికీ అడ్డు లేదు గానీ, నడపాలంటే ఫైలు మీద ఎక్కడో ఒకచోట ఆ ఎగ్జిక్యూట్ బిట్ ఉండి తీరాలి. ఈ ఒక్క ముక్క మీరు చెప్పి ఉంటే నేను ఫైలును నా సొంత ఫోల్డరైన హోమ్ డైరెక్టరీలోకి కాపీ చేసుకుని భోజనానికి లేచేవాణ్ణి. మీరు చెప్పరు. మీకొచ్చింది రెండే మాటలు.

చివరికి అలా కాపీ చేసి నడిపితే, రెండో లైను దగ్గర మళ్లీ దర్శనమిచ్చారు. పరికరాల సెట్టింగులు ఫైళ్లలా కనిపించే సిస్ డైరెక్టరీలో బ్యాక్‌లైట్ కింద బ్రైట్‌నెస్ అని ఒక ఫైలుంటుంది, దాంట్లో అంకె రాస్తే వెలుగు మారుతుంది. అది రూట్ ఆస్తి. అందుకని ‘సుడో ఎకో 20’ (20 అని పలకమని) అని, పలికింది ఫైల్లోకి మళ్లించే ఒక > గుర్తు పెట్టి, ఆ ఫైలు పేరు రాశాను. సుడో ఉంది కదా, ఇంకేం కావాలి? పాస్‌వర్డ్ కొట్టేదాకా కూడా రానివ్వలేదు మీరు.

ఇక్కడ మాత్రం మీ తప్పు లేదని ఒప్పుకుంటున్నాను, కానీ మనస్ఫూర్తిగా కాదు. ఆ > గుర్తును చూసుకునేది సుడో కాదు, నా షెల్. సుడో ఇంకా నిద్ర లేవకముందే షెల్ వెళ్లి, యుఐడి 1000 హోదాలో ఆ ఫైలు తెరవబోయింది. మీరు గుమ్మంలోనే ఆపేశారు. లేచి ఉంటే ఆ సుడో రూట్ హోదాతో చెయ్యబోయిందల్లా 20 అని ఒక అంకె పలకడం. అంకె పలకడానికి రూట్ ఎందుకండీ? తెరపై పలకడానికి ఎవరైనా చాలు, తలుపు తియ్యడానికే కావాలి రూట్. ఎకో చెప్పిన అంకెను పైపులోంచి (ఒక ఆదేశం ఫలితాన్ని ఇంకోదానికి అందించే | గుర్తు) ‘సుడో టీ’ చేతికందిస్తే, తెరిచేదీ రాసేదీ టీయే కాబట్టి పని జరుగుతుంది. లేదా స్క్రిప్ట్ మొత్తాన్నీ సుడోతో నడిపితే లోపలి షెల్ కూడా రూటే, అప్పుడు > కూడా బుద్ధిగా పనిచేస్తుంది. నేను రెండోదే చేశాను. వెలుగు తగ్గింది! ఆ సంబరంలో ఎన్నింటికి తగ్గిందో హోమ్‌లో ఒక లాగ్ ఫైల్లో రాసుకునేలా మూడో లైను కూడా చేర్చాను. ఈ లాగ్ సంగతి గుర్తుంచుకోండి.

ఇదంతా ఫోన్ కీబోర్డు మీద జరిగిందని మరవకండి. సగం స్క్రీన్ కీబోర్డే. స్లాష్ ఒక పేజీలో, పైపు ఇంకో పేజీలో. పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క చుక్కయినా కనబడదు, పక్క అక్షరం మీద వేలు పడిందో లేదో దేవుడికే ఎరుక.

పదింటికి దానంతటదే నడవాలని టైమర్ పెట్టాను. పదయింది. చీకట్లో సుడో పాస్‌వర్డ్ అడిగింది. ఎవర్ని? అక్కడ టెర్మినలే లేదు.

అప్పుడు తెలివితేటలు ప్రదర్శించాను. సెట్‌యుఐడి బిట్ అని ఒకటుంది కదా, అది ఉన్న ఫైలు ఎవరు నడిపినా సొంతదారు హోదాలో నడుస్తుంది. సీ భాష సృష్టికర్త డెన్నిస్ రిచీ కనిపెట్టినది, 1973లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1979లో వచ్చింది. అంత చరిత్ర ఉన్నదని స్క్రిప్ట్‌ను రూట్ పేరున రాసిచ్చి ఆ బిట్ తగిలించాను. లిస్ట్ చేస్తే ‘ఎస్’ అని ముచ్చటగా కనిపిస్తోంది. నడిపితే మళ్లీ మీరు. స్క్రిప్టుల మీద ఆ బిట్‌ను లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ పట్టించుకోదట. కెర్నెల్ ఫైలును చూసిన క్షణానికీ, స్క్రిప్టును చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ అదే పేరుతో ఫైలును మళ్లీ తెరిచే క్షణానికీ మధ్య ఎవడైనా ఫైలు మార్చేస్తే రూట్ వాడి జేబులో పడుతుంది. కారణం బంగారం లాంటిది. మరి బిట్ పెడుతున్నప్పుడే ఎవరైనా దగ్గొచ్చు కదా?

ఇక సుడోయర్స్, అంటే సుడోతో ఎవరు ఏం నడపచ్చో రాసిపెట్టే నిబంధనలు. పాస్‌వర్డ్ అడగకుండా ఈ ఒక్క స్క్రిప్ట్‌ను నడపనివ్వమని ఒక లైను రాసి, సుడోయర్స్ డాట్ డి డైరెక్టరీలో ఫైలు పెట్టాను. ఫైలు పేరు చివర డాట్ కాన్ఫ్ అని పెట్టడం నా పద్ధతి. ఆ డైరెక్టరీలో పేరులో చుక్క ఉన్న ఫైళ్లను సుడో కన్నెత్తి చూడదు. తప్పని చెప్పదు, వద్దని చెప్పదు. ఒక చుక్కకి గంటన్నర.

చుక్క తీసేశాక అంతా సవ్యంగా నడిచింది. పడుకోబోతూ ఆలోచిస్తే గుండె జారింది. ఈ స్క్రిప్ట్ ఉన్నది నా హోమ్‌లో. ఆ డైరెక్టరీ నాది, కాబట్టి దీన్ని తీసి ఇంకోటి పెట్టడం నాకు చిటికెలో పని. అంటే నా పేరున నడిచే ఏ అడ్డమైన ప్రోగ్రామైనా దీంట్లో తనకు నచ్చింది రాసుకుని, పాస్‌వర్డ్ లేకుండా రూట్ అయిపోవచ్చు. రోజంతా నన్ను గుమ్మాల దగ్గర నిలబెట్టిన మీరు, ఈ గోడకు నేను కన్నం పెడుతుంటే ఒక్క మాట అనలేదు!

లేచి కూర్చుని అదంతా పీకేశాను. బ్రైట్‌నెస్ ఫైలుకే నేరుగా సీహెచ్‌మాడ్ చేస్తే రీబూట్‌తో పోతుంది, సిస్‌లోవి డిస్క్ మీద ఉండే ఫైళ్లు కావు. అందుకని ఒక యూడెవ్ రూల్ (పరికరం కనబడగానే అమలయ్యే నిబంధన) రాశాను. బూట్ అయినప్పుడల్లా ఆ ఫైలును వీడియో అనే యూజర్ల గ్రూపుకిచ్చి, గ్రూపుకి రాసే హక్కివ్వమని. నన్ను ఆ గ్రూపులో చేర్చుకున్నాను. అయినా వచ్చారు మీరు. గ్రూపు మారితే మళ్లీ లాగిన్ అయ్యేదాకా లెక్కలోకి రాదు, ఇది నాకూ తెలుసు, ఆ వేళకి బుర్ర పనిచెయ్యలేదు. రీబూట్ చేశాను. స్క్రిప్ట్ నడిపాను. సుడో లేదు, పాస్‌వర్డ్ లేదు, రూట్ ఊసే లేదు. వెలుగు మెత్తగా తగ్గింది.

ఆ మసక వెలుగులో, మూడో లైను దగ్గర, మీరు. లాగ్ ఫైలు సాయంత్రం సుడోతో నడిపినప్పుడు పుట్టింది కదా, సొంతదారు రూట్.

అయ్యా, కెర్నెల్ ఎర్రర్ల పట్టికలో మీ నంబరు 13, ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ గారిది 1. కాదనడానికే ఇద్దర్ని పెట్టుకున్న వారు, ఎందుకు కాదో చెప్పడానికి మూడో మనిషిని ఒకరిని నియమించుకోవలసిందిగా ప్రార్థన. జీతం నేనిస్తాను.

ఇట్లు,
యుఐడి 1000

తా.క.: ఈ ఉత్తరాన్ని అదే లాగ్ ఫైల్లో సేవ్ చెయ్యబోయాను. తమరి జవాబు అందినది.