వెన్న 2.8 వస్తే నీళ్లు కలిపినట్టేనా?

ఇప్పుడే పాల కేంద్రం నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. క్యాన్లు పట్టుకుని పది మంది వరసలో నిలబడి ఉండగా, నా కొడుకు వయసు కుర్రాడు మిషన్ చూసి "వెన్న 2.8. నీళ్లు కాస్త తగ్గించు అక్కా" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఇరవై రెండేళ్లుగా పాలు పోస్తున్నాను. చుక్క నీరు కలిపి ఎరగను.

అదే చీటీలో ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న, నీరు పోగా పాలలో మిగిలే గట్టి పదార్థం, 8.5 అని ఉంది. అది పడలేదు. అది ఎందుకు చూడవు నాయనా? నీళ్లు కలిస్తే వెన్నా పడుతుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా పడుతుంది. వెన్న ఒక్కటే జారిందంటే అది నీళ్ల పని కాదు, నా విషయంలో తప్పు ఆవు మేతలో ఉంది. మిషన్ ముందు కూర్చోబెట్టేవాళ్లు ఈ మాత్రం నేర్పరా?

మా గడ్డివామి అడుగంటింది. "గడ్డి లేకపోతే ఏమ్మా, మొక్కజొన్న పిండి పెంచు, పాలు అవే పెరుగుతాయి" అన్నాడు దాణా కొట్టు ఆయన. రెండు కిలోలు వేసేదాన్ని నాలుగు వేశాను. నాలుగు రోజులు లీటరు పెరిగిన మాట నిజమే. ఐదో రోజు నుంచి ఆవు నెమరు తగ్గించింది. పేడ పల్చగా, నురగతో పడుతోంది. ఆవు పొట్టలో గడ్డి పీచు పులిసినప్పుడు తయారయ్యే ఎసిటిక్ ఆమ్లమే పాలలో వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు. గడ్డి తగ్గించి పిండి పెంచితే పాలు పెరుగుతాయి, వెన్న పడిపోతుంది. నెమరేసేటప్పుడు ఊరే లాలాజలంలో సహజంగానే సోడా ఉంటుంది, అదే పొట్టలో పులుపును విరుస్తుంది. నెమరే లేకపోతే ఆ సోడా ఎక్కడిది?

అన్ని పిండీ ఒకటి కాదు. నూకలు, గోధుమ పొట్టలో త్వరగా పులిసి పులుపు పెంచుతాయి. మొక్కజొన్న, జొన్న కాస్త నిదానం. వాటిని కూడా గంధంలా మెత్తగా ఆడించి పోస్తే ఆ నిదానం పోతుంది, రవ్వగా ఆడించుకోవాలి. ఇక వండిన అన్నమైతే చెప్పక్కర్లేదు. మూడేళ్ల కిందట మా వీధిలో పెళ్లిలో మిగిలిన అన్నమంతా కుడితి తొట్టిలో పోశారు. చూడి గేదె. తెల్లారేసరికి కాళ్లు చాచి పడి ఉంది. ఆ ఇంటావిడ ఏడుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇది కూడా ఎవరూ చెప్పరు.

అసలు గడ్డి ఎందుకు లేదు? నా చిన్నప్పుడు మా పొదిలి వైపు జొన్న వేయని ఇల్లు లేదు. గింజ మాకు, చొప్ప పశువుకు. ఇప్పుడు ఆ చేలల్లో పొగాకు, గట్ల మీద జామాయిల్. పొగాకు చేను ఎంత ఏపుగా ఉన్నా పశువు నోటికి ఒక్క ఆకు పనికిరాదు. నెల్లూరు వైపు మాగాణిలో వరి కోత మిషన్ వచ్చాక, గడ్డి కట్టలు కట్టించే ఓపిక లేనివాళ్లు చేలోనే అగ్గి పెడుతున్నారు. అటు గడ్డి కాలుతుంటే ఇటు మేం ట్రాక్టరు బాడుగ ఇచ్చి కొనుక్కుంటున్నాం. ఆ వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే. పక్కన అలసందో పిల్లిపెసరో పచ్చిమేత పడాలి. ఊరి బీడు ఉంటే కదా పచ్చిమేత!

సంక్రాంతికి బండలాగుడు దగ్గర ఒంగోలు గిత్తతో ఫోటో దిగి స్టేటస్ పెట్టేవాళ్లను అడుగుతున్నాను, దాని మేతకు ఎకరం బీడు మిగిల్చారా? మన పశువులను తీసుకెళ్లి నెలోర్ అని పేరు పెట్టుకున్న బ్రెజిల్ వాళ్లు వాటికోసం గడ్డి విత్తి బీళ్లు పెంచారు. మనం ఉన్న బీళ్లు పోగొట్టుకున్నాం.

రేపు పొద్దున ఆవునే పాల కేంద్రం ముందుకు తోలుకెళ్తున్నాను. ఆ పది మంది ముందే పితుకుతాను. అప్పుడు కూడా 2.8 వస్తే, నీళ్లు ఎక్కడ కలిపానో ఆ అబ్బాయే చూపించాలి.