గెలిచినందుకు ఊరు వదలాలా? చెక్ కింది లీగుల పాత మైదానాల్లో తిరుగుతూ...

ఆదివారం పొద్దున పదింబావుకి ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే మనకు కొత్తగా ఉంటుంది. చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లోని జిజ్కోవ్ పేటవాళ్లకు అది పాత అలవాటు. విక్టోరియా జిజ్కోవ్ క్లబ్ పేరు చెబితే ముందు ఆ వేళే గుర్తొస్తుంది. ఆట చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. సైఫెర్టోవా వీధిలో ట్రామ్ దిగితే స్టేడియం కోసం వెతుక్కోనక్కర్లేదు, అపార్ట్‌మెంట్ల పక్కనే ఇరుక్కుని ఉంటుంది. 1903లో పుట్టిన క్లబ్ ఇది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో చెకోస్లొవాకియా లీగ్‌ను స్పార్టా, స్లావియా కాకుండా మూడో జట్టు గెలిచింది ఒకే ఒక్కసారి, 1928లో. ఆ జట్టు ఈ విక్టోరియానే. ఈ శతాబ్దంలో మాత్రం ఎక్కువ కాలం కింది లీగులోనే గడిపింది.

వారాంతాల్లో రైలెక్కి ఇలాంటి మైదానాలు చూసి రావడం నాకు కొన్నేళ్లుగా అలవాటైంది. యూరప్‌లో ఇలా తిరిగేవాళ్లను గ్రౌండ్‌హాపర్లు అంటారు. ఎవరు గెలిచారన్నదాని కన్నా ఎక్కడ ఆడారన్నదే వీళ్లకు ముఖ్యం. గేటు దగ్గర ఫొటో దిగి వచ్చేస్తే లెక్కలోకి రాదు, అక్కడ ఒక మ్యాచ్ చూడాలి. సరిహద్దు దాటి జర్మనీ నుంచి వచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు. పొద్దున పదింబావుకి ప్రాగ్‌లో ఒక ఆట, మధ్యాహ్నం ఏదో పల్లెలో ఇంకో ఆట చూసుకుని, రాత్రికి ఇళ్లకు వెళ్లిపోతారు.

ఇన్నేళ్లు తిరిగాక నాకు ఒక విషయం బాగా తెలిసొచ్చింది. ఈ పాత మైదానాల్లో చాలావాటిని కాపాడుతున్నది వాటి జట్లు కింది లీగుల్లో ఉండిపోవడమే. జట్టు గెలిచి పై లీగుకి అర్హత సంపాదించిందంటే మైదానానికి గండం మొదలైనట్టే. పై లీగులో ఆడటానికి క్లబ్బులకిచ్చే లైసెన్సు రూల్స్ అలా రాసిపెట్టారు కాబట్టి ఈ పరిస్థితి. ఆ రూల్స్ మారాలని నా వాదన.

ముందు అక్కడి లీగుల మెట్ల వరుస చూద్దాం. పైన 16 జట్ల మొదటి లీగు, దాని కింద రెండో లీగు. మూడో మెట్టు దగ్గర దేశం రెండుగా చీలుతుంది: పడమరన ఉన్న బొహీమియాకి ఒక లీగు, తూర్పున ఉన్న మొరావియా, సైలీషియాలకు ఇంకొకటి. ఆ కింద డివిజన్లు, ప్రాంతీయ పోటీలు, చివరికి జిల్లా లీగులు. ఆ అట్టడుగు మెట్టులో పక్క ఊరికి పోయి ఆడి రావడానికి సైకిలు చాలు.

నాకు అన్నిటికన్నా నచ్చేది మైదానాల పేర్లు. పార్దుబిత్సె ఊళ్లో పాత మైదానం పేరుకి అర్థం ‘ద్రాక్షతోట కింద’. ప్రొస్త్యెయోవ్‌లో ఉన్నది ‘లోకల్ స్టేషన్ వెనక’. బ్ర్నోలో ఉన్నది ‘లుజాంకి పార్కు అవతల’. ప్రాగ్‌లో బొహీమియన్స్ క్లబ్ ఆడే చోటు డ్యోలీచెక్, అంటే చిన్న గుంట. జర్మనీ సరిహద్దును ఆనుకుని ఉన్న వార్న్స్‌డోర్ఫ్‌లో మైదానం కొట్లినా, అంటే పల్లం. ఇవి ఎవరో కూర్చుని పెట్టిన పేర్లలా ఉండవు. దారి అడిగితే ఊరివాళ్లు చెప్పే ఆనవాళ్లు. మనం ‘రైసుమిల్లు పక్కన’, ‘చెరువు కట్ట కింద’ అంటామే, అచ్చం అలాగే. పార్దుబిత్సె జట్టు ఇప్పుడు ఆడుతున్న కొత్త స్టేడియానికి స్పాన్సర్ పేరు ఉంది. ఆ పేరు విని ఎవరూ దారి తెలుసుకోలేరు.

క్లబ్బుల పేర్లు ఇంకో చరిత్ర చెబుతాయి. కమ్యూనిస్టు పాలనలో 1950ల మొదట్లో క్లబ్బులన్నిటినీ పరిశ్రమల వారీగా విడగొట్టారు. లొకొమోటివా అంటే రైల్వేవాళ్లది, బానిక్ అంటే గని కార్మికులది, స్లావోయ్ ఆహార పరిశ్రమది, స్పార్టాక్ యంత్రాల ఫ్యాక్టరీలది, దుక్లా సైన్యానిది. పాలన పోయి మూడు దశాబ్దాలు దాటినా చాలాచోట్ల గేటు మీద ఆ పేర్లే ఉన్నాయి. పల్లెల్లో డ్రెస్సింగ్ రూములు ఎలా కట్టారని అడిగితే పెద్దవాళ్లు ‘ఆక్త్సె జెట్’ అంటారు. ఊరి పనులకు జనం చేత జీతం లేకుండా, సెలవు రోజుల్లో చేయించిన శ్రమదానం అది. స్వచ్ఛందం అన్న మాట పేరుకే, రాకపోతే పైవాళ్ల దృష్టిలో పడతారు. అయినా ఆ గోడల గురించి చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో కోపం కన్నా మమకారమే ఎక్కువ వినిపించింది నాకు. చేతులతో ఇటుకలు మోసినవాళ్లకు ఆ గది సొంతదే.

ప్రాగ్‌కు దూరంగా ఉన్న ఒక చిన్న ఊళ్లో నవంబరు మ్యాచ్ చూశాను. అక్కడ ఫ్లడ్‌లైట్లు లేవు, ఆట వేళను సూర్యుడే నిర్ణయిస్తాడు. వేసవిలో సాయంత్రం అయిదుకి మొదలయ్యే ఆట నవంబరు వచ్చేసరికి రెండింటికి జరిగిపోతుంది. గేటు దగ్గర మడత బల్ల వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు, ముందు రేకు డబ్బా. చుట్టలోంచి టికెట్ చింపి ఇస్తూ, పారేసుకోవద్దని సైగ చేశారు. హాఫ్‌టైంలో ఆ నంబర్లకు లక్కీ డ్రా ఉంటుంది, ఆ రోజు బహుమతి పొగబెట్టిన మాంసం. కాల్చిన క్లొబాసా సాసేజి, బ్రెడ్డు ముక్క, ఆవపిండి ముద్ద అట్ట పళ్లెంలో పెట్టి ఇచ్చారు. నేను వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. చెక్కలన్నీ వానకు నానీ ఎండకు ఎండీ బూడిద రంగుకు తిరిగాయి. మధ్యలో రెండు మాత్రం పసుపుపచ్చగా, కొత్తగా ఉన్నాయి, మేకుల తలలు ఇంకా మెరుస్తున్నాయి. వెనక నించున్నాయన వంగి, వచ్చీరాని ఇంగ్లీషులో, “మీరు కూర్చున్నది నేను వేసిన చెక్క. పోయిన వారమే” అన్నారు. తర్వాత గోల్ పడినా ఆయన గంతులు వెయ్యలేదు. నేను ఆ చెక్క మీద సరిగ్గా కూర్చున్నానా లేదా అని మాత్రం రెండుసార్లు చూశారు.

ఇలా వారానికో చెక్క మారుస్తూ నడిచే చోటు పై లీగుకి పనికిరాదు. కుర్చీలు ఇన్ని ఉండాలి, ఫ్లడ్‌లైట్లు ఇంత వెలుగివ్వాలి, గడ్డి కింద వేడి గొట్టాలు ఉండాలి, టీవీవాళ్లకు వసతి ఉండాలి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే అనిపిస్తుంది. అన్నీ కలిపి ఒక చిన్న పట్టణం నెత్తిన పెడితే ఏమవుతుందో వార్న్స్‌డోర్ఫ్‌ను అడగాలి. 2014-15 సీజన్‌లో వాళ్లు రెండో లీగులో రెండో స్థానంలో నిలిచారు. పై లీగుకి వెళ్లే హక్కు ఆటలో గెలుచుకున్నారు. స్టేడియం ప్రమాణాలకు తగ్గట్టు లేకపోవడంతో ఆ స్థానం మూడో స్థానంలో ఉన్న జ్లీన్‌కు పోయింది.

పార్దుబిత్సెది ఇంకో రకం బాధ. 2020లో రెండో లీగు గెలిచి పైకి వెళ్లారు. ద్రాక్షతోట కింది మైదానం పనికిరాదన్నారు. కొత్తది సిద్ధమై 2023 మొదట్లో సొంత ఊరికి తిరిగొచ్చేదాకా, వాళ్ల ‘హోమ్’ మ్యాచులు వంద కిలోమీటర్ల అవతల ప్రాగ్‌లో జరిగాయి, అదీ బొహీమియన్స్ వాళ్ల డ్యోలీచెక్‌లో. ఊరంతా ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు వచ్చేసరికి ఆట ఊళ్లో లేదు. అభిమాని టికెట్ కొనేముందు రైలు టికెట్ కొనాల్సి వచ్చింది. బడికి పోయే పిల్లాడు సైకిలేసుకుని వెళ్లి మొదటి లీగు ఆట చూసే అవకాశం ఆ రెండున్నరేళ్లలో రాలేదు. ఆ వయసులో పోయిన రెండేళ్లు మళ్లీ రావు.

భద్రత మాటేమిటని అడిగేవాళ్లు ఉన్నారు, అడగాలి కూడా. 1985 మే 11న ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాత చెక్క స్టాండుకు నిప్పంటుకుని 56 మంది చనిపోయారు. పాతది కాబట్టి అందంగా ఉందని మురిసిపోయే నాలాంటివాళ్లు ఆ అంకెను మర్చిపోకూడదు. తలుపులు బయటికి తెరుచుకోవాలి, స్టాండు కింద చెత్త పేరుకోకూడదు, బలహీనమైన మెట్లను మూసెయ్యాలి. వీటిలో రాజీ పడమని నేనడగను. కానీ గడ్డి కింద వేడి గొట్టాలకూ మనిషి ప్రాణానికీ సంబంధం లేదు. ఫ్లడ్‌లైట్ల వెలుగు టీవీ కెమెరా కోసం. నిలబడి చూసే మెట్లనయితే జర్మనీ తన అతిపెద్ద స్టేడియాల్లోనే నిలుపుకుంది. భద్రత నియమాలను ఒక కాగితం మీదా, టీవీ కోసం పెట్టినవాటిని ఇంకో కాగితం మీదా రాయాలి. మొదటిది అందరికీ మొదటి రోజు నుంచే వర్తించాలి. రెండోదానికి కొత్తగా పైకి వచ్చిన క్లబ్బుకి మూడేళ్లు గడువిచ్చి, ఈలోగా సొంత ఊళ్లో ఆడనివ్వాలి.

ఆట ఆగిపోతే మైదానానికి ఏమవుతుందో బ్ర్నో చూపించింది. లుజాంకి పార్కు అవతలి స్టేడియం 1953లో తెరిచారు, 50,000 మంది పట్టేది. 1996లో స్లావియాతో ఆటకు 44,120 మంది వచ్చారు. 2001లో జట్టు వేరే స్టేడియానికి మారిపోయింది. ఆ తర్వాత మెట్ల సందుల్లోంచి మొక్కలు లేచాయి, మొక్కలు చెట్లయ్యాయి. పద్నాలుగేళ్లు గడిచాక, 2015లో, ఊరికి ఇష్టుడైన స్ట్రైకర్ పెత్ర్ ష్వాంత్సారా తన వీడ్కోలు మ్యాచ్ అక్కడే ఆడతానన్నాడు. జనం చందాలు వేశారు. రంపాలు, పారలు పట్టుకుని వచ్చి చెట్లు కొట్టారు, మెట్లు శుభ్రం చేశారు. జూన్‌లో ఆ ఒక్క రోజు ఆటకు దాదాపు 35,000 మంది వచ్చారు. మొదటి లీగులో మామూలు మ్యాచులకు అందులో సగం మంది రావడం కూడా గగనం. పాత మైదానం మీద జనానికి ప్రేమ లేదని ఎవరైనా అంటే ఆ రోజు ఫొటోలు చూపిస్తే చాలు. ప్రేమ ఉన్నా వారం వారం ఆట లేకపోతే చెట్లే గెలుస్తాయన్నది కూడా అదే స్టేడియం చూపించింది.

డ్యోలీచెక్ కథ ఇంకో దారిలో నడిచింది. 1932 నాటి మైదానం అది. 1976 యూరో ఫైనల్లో పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్‌ను బోల్తా కొట్టించి, బంతిని నెమ్మదిగా గోల్ మధ్యలోకి పంపిన ఆంటోనిన్ పనెంకా బొహీమియన్స్ తరఫున ఆడింది ఇక్కడే. 2005లో క్లబ్ దివాలా తీసినప్పుడు అభిమానులు డబ్బు పోగేశారు, జట్టు మూడో లీగులో మళ్లీ మొదలైంది. స్థలం మాత్రం ప్రైవేటు చేతుల్లో ఉండిపోయింది, అక్కడ భవనాలు లేస్తాయన్న భయం ఏళ్లపాటు వెంటాడింది. చివరికి 2016లో ప్రాగ్ నగరమే దాన్ని కొన్నది. ఆటను నిలబెట్టింది అభిమానులే. నేలను నిలబెట్టడానికి మాత్రం నగరపాలక సంస్థ కావలసి వచ్చింది. పాత మైదానాలను అభిమానుల మమకారానికి వదిలేసి ప్రభుత్వాలు తప్పుకోకూడదని నేననేది అందుకే.

కొత్తది కట్టక తప్పనప్పుడు కూడా పద్ధతి ఉంటుంది. హ్రాదెత్స్ క్రాలొవెలో పాత స్టేడియం ఫ్లడ్‌లైట్ల ఆకారం చూసి జనం వాటికి ‘లాలీపాప్‌లు’ అని పేరు పెట్టుకున్నారు, స్టేడియాన్నే ‘లాలీపాప్‌ల కింద’ అని పిలిచారు. పాత స్టేడియం పడగొట్టి 2023లో కొత్తది తెరిచారు. ఆ నాలుగు లాలీపాప్‌లు మాత్రం అలాగే ఉన్నాయి. ఊరు ఆ స్తంభాలను చూసి ఇప్పటికీ దారి పట్టొచ్చు.

ఇది రాస్తుంటే మన హైదరాబాదు గుర్తురాక మానదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు మనది. ఫతే మైదాన్ అని పిలుచుకున్న ఎల్బీ స్టేడియం పేరు ఇవాళ ఫుట్‌బాల్ వార్తల్లో ఎన్నిసార్లు వింటున్నాం? గోడలు మిగిలి ఆట తగ్గిపోతే కలిగే వెలితి ఏమిటో మనకు చెక్‌వాళ్లు చెప్పనక్కర్లేదు.

తిరిగే అభిమానులకూ ఒక మాట. ఫొటోలు తీసుకుని పోతే ఆ ఊరికి దక్కేది ఏమీ లేదు. టికెట్ కొనాలి, క్యాంటీన్‌లో తినాలి, హాఫ్‌టైంలో లక్కీ డ్రా దాకా ఉండాలి. వంద మంది వచ్చే చోట పది మంది అదనంగా వచ్చినా అక్కడివాళ్లకు తేడా తెలుస్తుంది.

వార్న్స్‌డోర్ఫ్ నాటి జట్టు ఆటగాళ్లలో చాలామంది ఈపాటికి ఆట మానేసి ఉంటారు. ఆ పల్లంలోని మైదానంలో మొదటి లీగు మ్యాచ్ ఇంతవరకూ ఒక్కటీ జరగలేదు.