మందిరంలో మకాం వేసిన మారుమోత గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మారుమోత గారి సముఖానికి,

శ్రీకాకుళం పట్టణంలో, నాగావళికి ఎంతో దూరం లేని ఒక కొత్త ప్రార్థనా మందిరంలో, వెనక నుంచి మూడో వరుసలో ఫ్యాను కింద కూర్చునే సంఘ సభ్యుడొకడు నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. తమరు మా సంఘంలో సభ్యత్వం తీసుకోలేదు, బాప్తిస్మం పొందలేదు, ఏనాడూ దశమభాగం చెల్లించలేదు. అయినా మందిర ప్రతిష్ఠ జరిగిన నాటి నుంచి ప్రతి ఆరాధనలోనూ చివరి మాట తమరిదే అవుతున్నది. అయ్యగారు ‘ఆమెన్’ అని కూర్చున్న తరువాత కూడా తమరు కప్పు కింద తిరుగుతూ దానిని మరికొంతసేపు అంటూనే ఉంటారు. ఇంతటి పట్టుదల సంఘ పెద్దలలో కూడా కనిపించదు గనుక, వారితో కాక నేరుగా తమరితోనే మాట్లాడటం మర్యాద అనిపించింది.

తమరికి మా పాత గుడి తెలియదు, అందులో తమరికి కాలు మోపే చోటు లేదు గనుక. పెంకుల కప్పు, దాని కింద కర్ర దూలాలు, రెండు పక్కలా నిలువెత్తు కిటికీలు, నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచిన జంపఖానాలు, అంతే ఆ గుడి. అయ్యగారి మాట మనుషులను చేరాక మిగిలినది కిటికీలోంచి వేపచెట్టు మీదికి పోయేది, మళ్ళీ వెనక్కు వచ్చేది కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చి ఈ ప్రాంతంలో పెంకులనూ రేకులనూ ఎలా ఎగరేసుకుపోయాయో చూసినవారెవరూ స్లాబు వేసుకున్నందుకు సంఘాన్ని తప్పు పట్టరు, నేనూ పట్టను. స్లాబుతో ఆగి ఉంటే తమరు చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళేవారు. కానీ నేలకు టెక్కలి వైపు నుంచి తెప్పించిన నీలి గ్రానైటు పరిచారు, గోడలకు నడుమెత్తు వరకు అద్దంలాంటి టైల్సు అతికించారు, ఆ పైన పుట్టీ పెట్టి నున్నగా రంగు వేశారు, కిటికీలకు అల్యూమినియం చట్రాలలో అద్దాలు బిగించి ఏసీ కోసం వాటిని శాశ్వతంగా మూసివేశారు, వేదికకు నేరుగా పైన ఒక గుమ్మటం కట్టించారు. జంపఖానాలు మూటలయి అటకెక్కాయి, వాటి స్థానంలో ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. ఆస్తిపరుడైన మామగారు కూడా ఇల్లరికపుటల్లుడికి ఇన్ని వసతులు చేయడు.

ఒక విషయంలో మాత్రం తమరు జాగ్రత్తగా ఉండాలి. తమరి ఆయుష్షు లెక్క కట్టే సూత్రం నూరేళ్ళకు పైగా లోకంలో చలామణిలో ఉన్నది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో, ఫాగ్ మ్యూజియంలోని కొత్త ఉపన్యాసశాలలో ఎవరేం చెబుతున్నారో ఎవరికీ అర్థం కాకపోవడంతో, ఆ సంగతి తేల్చమని వాలేస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిపూట, అంతా సద్దుమణిగాక, ఆర్గన్ వాద్యపు గొట్టం ఒకటి మోగించి ఆపి, ఆ మోత చెవికి అందకుండా పోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారంతో కొలిచేవాడు. అదే విశ్వవిద్యాలయంలోని శాండర్స్ థియేటరు కుర్చీల మీది మెత్తలను మోయించి తెచ్చి, పరిచి, మళ్ళీ కొలిచి, తెల్లవారేలోగా వాటిని తిరిగి చేర్పించేవాడు. గది ఎంత పెద్దదైతే తమరు అంత ఎక్కువసేపు బతుకుతారనీ, శబ్దాన్ని పీల్చుకునే వస్తువులు ఎంత పెరిగితే అంత త్వరగా పోతారనీ ఆయన తేల్చాడు. పీల్చుకోవడానికి ఆయన పెట్టుకున్న కొలమానం తెరిచిన కిటికీ, ఎందుకంటే దానిలోంచి పోయిన శబ్దం తిరిగిరాదు. ఆ కొలమానాన్నే మా సంఘం అద్దాలు పెట్టి, సిలికాన్ పూసి మూసింది. ఆయన లెక్కల ప్రకారం కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది, ఇప్పటికీ సంగీతజ్ఞులు దానిని మెచ్చుకుంటూనే ఉన్నారు.

అదే సూత్రంలో మా మందిరాన్ని వేసి చూశాను. పొడవు 60 అడుగులు, వెడల్పు 40, ఎత్తు 22. నేల, కప్పు, గోడలు కలిపి 9,200 చదరపు అడుగులు. ఇంత వైశాల్యమూ కలిసి తన మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులు మింగితే గొప్ప. ఆ లెక్కన ఖాళీ మందిరంలో తమరి ఆయుష్షు, అంటే శబ్దం 60 డెసిబెల్స్ తగ్గి తన శక్తిలో పది లక్షలో వంతుకు దిగడానికి పట్టే సమయం, 9 సెకన్లు దాటుతుంది. ఒక్కో మనిషి, కట్టుకున్న బట్టలతో సహా, నాలుగైదు చదరపు అడుగుల తెరిచిన కిటికీతో సమానం గనుక, ఆదివారం 200 మంది వస్తే అది 2 సెకన్లకు కాస్త పైన ఆగుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు 40 మంది వచ్చినప్పుడు 5.5 సెకన్లు ఉంటుంది. ప్రసంగం స్పష్టంగా వినబడాలంటే 1 సెకను దగ్గర ఉండాలి, కీర్తన నిండుగా వినబడాలంటే అంతకు కొంచెం ఎక్కువ ఉన్నా మంచిదే. దీనినిబట్టి మా మందిరంలో శబ్దాన్ని అదుపు చేసే ఏర్పాటు ఇప్పటికి ఒక్కటే, అది విశ్వాసుల హాజరు. చలికాలంలో శాలువా కప్పుకొని వచ్చే పెద్దలు తమకు తెలియకుండానే అదనపు పరిచర్య చేస్తున్నారన్నమాట.

తెలుగు అజంత భాష కావడం తమరికి దొరికిన మరో వరం. మాట చివర అచ్చు ఉంటుంది. అచ్చు బలమైనది, సాగేది, స్లాబు కింద ఎంతసేపైనా బతికేది. హల్లు సన్ననిది, పుట్టీ పుట్టకముందే అయిపోయేది. కానీ ఒక మాటను ఇంకో మాట నుంచి వేరు చేసే పనిలో ఎక్కువ భాగం దానిదే. సెకనుకు అయిదారు అక్షరాల వేగంతో సాగే ప్రసంగంలో, శుక్రవారం నాడు ఒక అక్షరం పూర్తిగా చావకముందే మరో ముప్పై పుడుతున్నాయి, ముందటి అచ్చుల మోత తరువాతి హల్లుల పీక నొక్కేస్తున్నది. అయ్యగారు రాత్రంతా కూర్చొని పాపం, శాపం, తాపం అని మూడు మెట్లుగా కట్టుకొచ్చిన వర్తమానం మా వరుసకు చేరేసరికి ‘ఆపం, ఆపం, ఆపం’ అయిపోయింది. ప్రసంగం ఇప్పట్లో ఆపనని ఆయనే ముమ్మారు చెబుతున్నారనుకొని సండే స్కూలు పిల్లలు బెంగపడ్డారు. ప్రేమవిందు ఏ రోజో ప్రకటనలో సరిగా వినబడక, ఇద్దరు ఒకరోజు ముందే గిన్నెలతో వచ్చి గేటు తాళం చూసి వెళ్ళారు. మా వరుసలోనే కూర్చునే ఒక పెద్దావిడ చెవి వెనక అరచెయ్యి దొప్ప చేసుకొని, మెడ చాచి, గంటసేపు కదలకుండా కూర్చుంటుంది. బయట మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ మాత్రం, ‘ఏటి సెప్పినారో తెలీనేదు గానీ, బాగా సెప్పినారు బాబూ’ అంటుంది. ఇంతకు మించిన విమర్శ ఏ ప్రసంగికుడికీ రాకూడదు, ఆమె దానిని ప్రశంసగానే అంటున్నది.

అయ్యగారి అవస్థ వేరు. ఆయన మాట 60 అడుగుల దూరంలోని వెనక గోడకు తగిలి, సెకనులో పదో వంతులో మళ్ళీ ఆయన చెవికే చేరుతుంది. ఎవరో తనను వెక్కిరిస్తున్నట్టుండే ఆ తిరుగుమాటను దాటాలని ఆయన గొంతు పెంచుతారు, తమరూ పెంచుతారు. ఈ పోటీలో ఇప్పటివరకు తమరు ఓడిపోలేదు.

‘వినబడటం లేదు’ అని మేము చేసిన ఫిర్యాదును సంఘ పెద్దలు ‘సౌండు చాలటం లేదు’ అని విన్నారు; ఆ కమిటీ గది కూడా టైల్సు గదే మరి. ఫలితంగా మనిషెత్తు బాక్సులు రెండు వేదికకు చెరోపక్కా వెలిశాయి. వాల్యూం రెట్టింపు చేస్తే అయ్యగారి గొంతుతోపాటు తమరూ సరిగ్గా అంతే పెరుగుతారని, ఇద్దరి మధ్య నిష్పత్తి అణువంత కూడా మారదని చెప్పబోయిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని విశ్వాసం తక్కువైనవాడిగా చూశారు. విశ్వాసం వినికిడి వలన కలుగుతుందని రోమా సంఘానికి రాసిన పౌలు, వాట్ల సంగతి ఎక్కడా ఎత్తలేదు. బాక్సులో నుంచి వచ్చినది మైకులో దూరి, మళ్ళీ బాక్సులో నుంచి వచ్చి కుయ్యిమని కూత పెట్టినప్పుడల్లా మైకు సెట్టు కుర్రాడు పరుగెత్తుకొచ్చి ఏదో ఒక మీట తిప్పుతాడు. ఆ మీటల్లో ‘ఎకో’ అనేది ఒకటుంది. మందిరంలో తమరున్నది చాలదని, తమరి కవల సోదరుడిని పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు, మేము కొన్నాము కూడా. కీర్తనకు తిప్పిన ఆ మీట ప్రార్థనకు తగ్గించడం మరచిపోతే, ప్రభువుకు విన్నవించినది ప్రభువుకు ఒక్కడికే అర్థమవుతుంది.

పెద్ద పెద్ద కెథెడ్రళ్ళలో మాత్రం మోత ఉండదా అని తమరి తరఫు వకీళ్ళు వాదిస్తారు. ఉంటుంది, చాలా సెకన్లు ఉంటుంది. ఆ రాతి గోడల మధ్య శతాబ్దాలపాటు సాగినది నెమ్మదిగా, పొడుగు స్వరాలతో పాడే ప్రార్థనా గానం. ఒక స్వరం మీద ఇంకొకటి పడినా అక్కడ అందమే. మాది డోలక్, తాళాలు, రిథమ్ ప్యాడ్, ముప్పావుగంట వేగంగా సాగే ప్రసంగం. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న విజయనగరం పక్కనే ఉన్నది. ఆ కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు కాలంలో హరికథకు తాటాకు పందిరి చాలేది. తాటాకు పందిట్లో తమరికి ప్రవేశం లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్ర తొలిచి వీణ చేసేవారికి, ఎంత మోత నిలవాలో ఎంత పోవాలో ఉలి పట్టిన చేతికే తెలుసు. ఇలాంటి ఊళ్ళ మధ్య, లక్షలు పోసి కట్టిన మందిరంలో, లోపల ఎలా వినబడుతుందని మేస్త్రీని ఎవరూ అడగలేదు. ‘కింద నిలబడి చూస్తే గుమ్మటం ఎలా ఉంటుంది’ అని మాత్రం పదిమంది అడిగారు. గుమ్మటం అందంగానే ఉన్నది. శబ్దాన్ని ఒకచోటికి పోగు చేసి కుమ్మరించే పని దాని వంపు నిష్ఠగా చేస్తున్నది.

బయటివారి సంగతి కూడా రెండు మాటల్లో చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు; రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకులు మోగరాదు. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని అదే ఏడాది సుప్రీంకోర్టు తేల్చిన వ్యాజ్యం చెన్నైలోని ఒక చర్చిదే. లోపల వినబడక పెంచిన వాల్యూం పక్క వీధికి వెళ్ళి, అక్కడ మాత్రం చక్కగా వినబడుతున్నది.

ఇక తమరిని సాగనంపే మార్గాలను తమరికే విన్నవిస్తున్నాను. మా యువకులు గోడలకు అతికించిన కోడిగుడ్ల అట్టలనూ థర్మోకోల్ పలకలనూ చూసి తమరు నవ్వుకొని ఉంటారు. వాటితో అలంకారమే తప్ప చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదు. కావలసినది గాలి చొరబడగల, మందమైన, పీచులాంటి సరుకు. వెనక గోడ మొత్తానికీ, పైకప్పులో వెనక సగానికీ రంధ్రాలున్న జిప్సం పలకలు బిగించి, వాటి వెనక రెండంగుళాల రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు, పెడితే, శుక్రవారపు 40 మందికి తమరి ఆయుష్షు 5.5 నుంచి దాదాపు 1.6 సెకన్లకు, ఆదివారపు 200 మందికి 1.1కు దిగుతుంది. కప్పులో ముందు సగాన్ని అలాగే గట్టిగా వదిలేయాలి, అయ్యగారి మాటను వెనక వరుసలకు వెంటనే అందించేది అదే. 50 మిల్లీసెకన్లలోపు చేరే తిరుగుమాట చెవికి సాయమే చేస్తుంది. రాక్‌వూల్ ఖరీదనిపిస్తే ఉద్దానంలో కొబ్బరి పీచుకు కరవు లేదు, పైన కప్పడానికి గోనె గుడ్డకూ కరవు లేదు. అయితే రెండూ మండే సరుకే గనుక, నిప్పంటుకోని మందు పట్టించకుండా, కరెంటు వైర్లకు దూరం ఉంచకుండా ఆ పని మొదలుపెట్టకూడదు. మనిషెత్తు బాక్సులు అమ్మి, సన్నటి కాలమ్ స్పీకర్లు పక్క స్తంభాలకు, కప్పు వైపు కాక చెవుల వైపు వంచి, తక్కువ వాల్యూంలో పెట్టాలి. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైతే చాలు, మైకుకు అందే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. దానికి పైసా ఖర్చు లేదు. అటక మీది జంపఖానాలు దించడానికీ ఖర్చు లేదు, కానీ గ్రానైటు కనబడకుండా పోతుందని అభ్యంతరం వచ్చింది.

ఇవన్నీ విని తమరు దిగులు పడనవసరం లేదు. బొబ్బిలి వైపు మా సంఘం తరఫున మరో మందిరానికి ఇటీవల పునాదిరాయి పడింది. ప్లాను చూశాను: వెనక గోడ చక్కగా వంపు తిరిగి ఉన్నది, కప్పు స్లాబే, ఎత్తు ఇంకో ఆరడుగులు ఎక్కువ, గోడల ఖర్చు కింద టైల్సు, సౌండు ఖర్చు కింద బాక్సులు నాలుగు అని రాసి ఉన్నది. గీత ఇంకా కాగితం మీదే ఉన్నందున, ఆ వంపును తిన్నగా చేయించడానికి ఒక రబ్బరు ముక్క చాలునని అర్జీ పెట్టుకున్నాను. రేపు అది కాంక్రీటయ్యాక ఎన్ని గొట్టాలు, మెత్తలు, సబీన్‌లు వచ్చినా తమరిదే పైచేయి.

ఈ లేఖను వచ్చే ఆదివారం ప్రకటనల సమయంలో మైకులో చదివిస్తామని పెద్దలు ఎంతో దయతో అన్నారు. వద్దని మనవి చేసి, వంద జెరాక్సు కాపీలు తీయించి గుమ్మం దగ్గర పెట్టాను.

ఇట్లు,
వెనక నుంచి మూడో వరుస,
ఫ్యాను కింది కుర్చీ.