రొయ్య రేటు అమెరికాలోనే ఎందుకు తేలాలి?

ప్రపంచంలో ఎక్కడ మాంద్యం మాట వినపడినా మన టీవీ చర్చల్లో ఒక పెద్దమనిషి ప్రత్యక్షమవుతాడు. "ఇది భారత్‌కి సువర్ణావకాశం" అంటాడు. చైనా నుంచి కంపెనీలు తరలి వస్తాయంటాడు, మన మార్కెట్ పెద్దదంటాడు, మన దగ్గర కుర్రాళ్లు ఎక్కువంటాడు. కాదనను. కానీ ఆ అవకాశం ఎవరి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుందో ఆయన ఎప్పుడూ చెప్పడు.

ఆకివీడు దగ్గర మాకు రొయ్యల మేత, మందుల షాపు ఉంది. ఆర్థిక వ్యవస్థ గురించి నాకు తెలిసిందంతా అప్పు ఖాతాల పుస్తకం నేర్పిందే. కాబట్టి పెద్ద సిద్ధాంతాల జోలికి పోను, రొయ్య గురించే మాట్లాడతాను.

2024-25లో మన దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ రూ.62,408 కోట్లు. అందులో 43 వేల కోట్ల పైచిలుకు ఒక్క ఫ్రోజెన్ రొయ్యదే. బరువులో చూస్తే 7.41 లక్షల టన్నులు. దాంట్లో 3.11 లక్షల టన్నులు అమెరికాకే వెళ్లాయి. అంటే పది కిలోలు పంపితే నాలుగు కిలోలకు పైగా ఒకే దేశానికి. ఆ రొయ్యలో పెద్ద వాటా మన ఆంధ్ర చెరువులదే. ఇంకో తమాషా ఏమిటంటే తల్లి రొయ్య కూడా అటునుంచే వస్తుంది. హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో చెన్నై క్వారంటైన్‌కి వచ్చి, అక్కడి నుంచి హేచరీలకు, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రాలకు చేరి, దాని పిల్లలు మన చెరువుల్లో పెరిగి, ఐస్‌లో గడ్డకట్టి మళ్లీ అమెరికాకే పోతాయి. మధ్యలో నీళ్లు, కరెంటు బిల్లు, రోగాలు, నిద్రలేని రాత్రులు మనవి.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నాడు. వారం తిరిగేసరికి 10 శాతం మాత్రం ఉంచి మిగతాది 90 రోజులు వాయిదా వేశాడు. ఆ వారంలో మా వైపు ఏం జరిగిందో చూడాల్సింది. వార్త వచ్చిందో లేదో కొనేవాళ్లు రేటు కోసేశారు. కొందరైతే అసలు ఫోన్ ఎత్తడం మానేశారు. అప్పటికే ఓడెక్కిన సరుకుకీ, కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకుకీ, చెరువులో ఇంకా పెరుగుతున్న సరుకుకీ తేడా లేకుండా అందరికీ ఒకటే మాట: "అమెరికా మార్కెట్ పోయిందండి". సుంకం రేవులో పడకముందే రేటు చెరువు గట్టున పడిపోయింది. వాయిదా వార్త వచ్చాక లేచిందిగానీ, పడినంత స్పీడుగా లేవలేదు. షాపుకొచ్చిన ఒక రైతు కుర్చీలో కూలబడి "ట్రంపుకి మా చెరువుతో ఏం పనండీ బాబూ" అన్నాడు. ఆయన బాకీ నా పుస్తకంలో ఉంది కాబట్టి ఆ ప్రశ్న నాది కూడా.

ఆగస్టు 7న సుంకం 25 శాతం అయింది, 27 నుంచి 50. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు కలుపుకుంటే 58 దాకా వెళ్లింది. మనతో పోటీపడే ఈక్వెడార్‌కి అప్పుడు 15. పైగా వాళ్లు అమెరికాకి మనకంటే ఎంతో దగ్గర. ఆ అంకె తర్వాత ఎటు మారినా నేను చెప్పే సంగతి మారదు.

అసలు సంగతి రైతు ఆగలేకపోవడంలో ఉంది. ధాన్యం రైతుకి కనీసం బస్తాలు గోడౌన్లో పడేసుకుని రేటు కోసం చూసే అవకాశం ఉంటుంది. రొయ్య రైతుకి గోడౌన్ అంటే చెరువే. అది రోజూ మేత తింటుంది. నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు తిరగాలి, కరెంటు పోతే జనరేటర్‌కి డీజిల్ పోయాలి. రాయితీ కరెంటు లైసెన్సు కాగితాలన్నీ ఉన్నవాడికి. కౌలు రైతు సంగతి ఎవరూ అడగరు. ఇన్నీ పెట్టుకుని ఇంకో పది రోజులు ఆగుదామంటే వైట్ స్పాట్ అనే వైరస్ రోగం వచ్చి చెరువు మొత్తం పోవచ్చు. అందుకే రేటు పడిందనగానే అందరూ భయపడి ఒకేసారి పట్టుబడికి, అంటే చెరువులో రొయ్య పట్టి అమ్మడానికి దిగుతారు. కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, అది తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. 40 కౌంట్ దాకా పెంచుదామనుకున్నవాడు 80, 100 కౌంట్‌లోనే పట్టేస్తాడు. చిన్న రొయ్య మార్కెట్లోకి ఒక్కసారిగా వచ్చిపడుతుంది, దాని రేటు ఇంకా పడుతుంది. ఈ రెండో దెబ్బకి ట్రంప్‌తో సంబంధం లేదు.

పట్టుబడి రోజు చూడండి. ఏజెంట్ వచ్చి గట్టు మీద నిలబడి విసురు వల వేయిస్తాడు. పడినవి బుట్టలోకి పోసి తూకం వేసి, నేల మీద పరిచి లెక్కపెడతారు, కిలోకి ఎన్ని వచ్చాయో. సగం బేరం అక్కడే తేలిపోతుంది. నాలుగు రొయ్యలు నొక్కి చూసి "మెత్తగా ఉన్నాయండి, లూజ్ షెల్" అంటాడు, పెంకు వదులైందని. ఇంకో రెండు కౌంట్లు పెంచి, అంటే రొయ్య చిన్నదని రాసుకుంటాడు. లారీలో ఐస్ అప్పటికే దిగి ఉంటుంది, వల కూలీలు చెరువులో ఉంటారు, సగం నీళ్లు తోడేసి ఉంటాయి. ఆ పరిస్థితిలో రైతు ఏమని కాదంటాడు? డబ్బు కూడా అప్పటికప్పుడు చేతికి రాదు. వస్తే ముందు నా బాకీ, తర్వాత కౌలు, మిగిలితే ఇంటికి.

ఎగుమతిదారులందరూ దొంగలని నేననను. వాళ్లకీ బ్యాంకు వడ్డీ నడుస్తుంది, ఓడ చేరడానికే నెల దాటుతుంది, అవతల కొన్నవాడు రేటు తగ్గించమంటాడు. కానీ వాళ్ల దగ్గర కోల్డ్ స్టోరేజీ ఉంది, ఆగగలరు. మేత కంపెనీలు కూడా ఆగగలవు. మాలాంటి డీలర్ దగ్గర ముందే డబ్బు కట్టించుకుంటాయి, మేం రైతుకి అప్పిస్తాం. ప్లాంట్లలో పొట్టు వలిచే ఆడవాళ్లు మాత్రం ఆగలేరు. కంటైనర్ కదలకపోతే షిఫ్టు ఉండదు, షిఫ్టు లేకపోతే ఆ రోజు కూలి లేదు. మాంద్యం భారం ఎక్కడో పైన మొదలై, ఆగే శక్తి లేనివాడి మీద దిగుతుంది. "అవకాశం" లెక్కలు చెప్పేవాళ్లు ఈ కింది వరసని లెక్కలోకే తీసుకోరు.

మరి అవకాశం లేదా అంటే, ఉంది. బ్రిటన్‌తో 2025 జులైలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, మన రొయ్యకి సుంకం ఎత్తేసే ఒప్పందం. యూరప్ మన ఎగుమతి యూనిట్లలో మరో 102కి అనుమతిచ్చింది. ఎన్నో ఏళ్లుగా పొట్టు తీయని రొయ్యని రానివ్వని ఆస్ట్రేలియా కూడా తలుపు కొంచెం తీసింది. మంచిదే, వెళ్లాలి. వియత్నాం వాడు మన రొయ్య కొని, వండి, ప్యాక్ చేసి మళ్లీ ఎగుమతి చేసుకుంటున్నాడు, ఆ పని మనమూ నేర్చుకోవాలి. కానీ అవన్నీ మళ్లీ బయటి దేశాలే. అక్కడ జనం హోటళ్లకు వెళ్లడం తగ్గిస్తే మెనూలోంచి ముందు పోయేది రొయ్యే. 2022, 2023లో ఏ కొత్త సుంకమూ లేకుండానే, అక్కడ ధరలు మండి గిరాకీ తగ్గి, ఈక్వెడార్ సరుకు ముంచెత్తి మన రేట్లు కూలాయి. అప్పుడే మేలుకోవాల్సింది.

నేను అడిగేది ఇంట్లో మార్కెట్. కోడిగుడ్డుని చూడండి. ఒకప్పుడు పెద్ద ఊళ్ల వ్యాపారులు ఎంతంటే అంతకి రైతు ఇచ్చి రావాల్సి వచ్చేది. 1982లో కోళ్ల పరిశ్రమకు చెందిన బి.వి.రావు ముందు నిలబడి రైతులతో నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) పెట్టించారు. రోజు రేటు రైతుల సంఘం నుంచే రావడం మొదలైంది. "సండే హో యా మండే" అని దేశమంతా ఊదరగొట్టి తినిపించారు. ఇవాళ మనిషికి ఏడాదికి వంద గుడ్ల పైనే మన దేశంలో తయారవుతున్నాయి, దాదాపు అన్నీ మనమే తింటున్నాం. అమెరికాలో ఏం జరిగినా తమిళనాడులో గుడ్ల కేంద్రమైన నామక్కల్‌లో గుడ్డు రేటు సగానికి పడిపోదు. రొయ్యకి అలాంటి సంఘం, అలాంటి ప్రచారం ఇన్నేళ్లలో ఎందుకు రాలేదు? డాలర్లు వచ్చినన్నాళ్లు ఎవరికీ అవసరం అనిపించలేదు, అంతే. అందులో రైతు కూడా ఉన్నాడు.

గోదావరి జిల్లాల్లో రొయ్యల ఇగురు, చింతచిగురు రొయ్యలు అందరికీ తెలుసు. అవతలి జిల్లాల్లో అడగండి, పండక్కో పెళ్లికో తప్ప వండరు. హైదరాబాద్ షాపులో రేటు చూస్తే గట్టు మీది రేటుకి పొంతన ఉండదు. అదంతా దోపిడీ కాదు, తల, పొట్టు తీశాక బరువు దాదాపు సగమే మిగులుతుంది, ఐస్, రవాణా ఉన్నాయి. అయినా 100 కౌంట్ రొయ్యని పావుకిలో ప్యాకెట్లుగా, శుభ్రం చేసి, మధ్యతరగతి కొనే ధరకి పెట్టొచ్చు. శుభ్రం చేసే చేతులు ఇక్కడే షిఫ్టు లేక ఖాళీగా కూర్చున్నాయి.

ఈలోపు మా ఖాతాదారులకి నేను చెప్పేది: ఎకరానికి వేసే సీడ్ (రొయ్య పిల్లలు) తగ్గించండి, అందరూ ఒకే వారంలో వేయకండి. నా షాపులో మేత బస్తాలు తక్కువ పోతాయి, మా నాన్నగారు ఇప్పటికే గొణుగుతున్నారు.

"చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్స్ ఉంటాయి కదా, ఎలా తినమంటారు" అనేవాళ్లు ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. యూరప్ వెళ్లే సరుకుకి పట్టుబడికి ముందే ల్యాబ్ పరీక్ష ఉంటుంది, నిషేధించిన యాంటీబయాటిక్ నైట్రోఫ్యూరాన్ ఆనవాలు దొరికినా వెనక్కి కొడతారు. మన ఊరి మార్కెట్‌కి వచ్చే బుట్టకి ఆ పరీక్ష అడిగేవాడే లేడు. ల్యాబులు ఉన్నవి మన జిల్లాల్లోనే. దేశంలో అమ్మే ప్రతి ప్యాకెట్ మీదా ఆ రిపోర్టు నంబరు ఉండాలని ప్రభుత్వం ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, మందులు అమ్మే నేనే ముందు దానికి సంతకం పెడతాను.