నేను రాసిన కోడ్ నేనే చూడకూడదట

నిన్న లంచ్ చేసి వచ్చి కూర్చుంటే నా ఫైలు నాకు తెరుచుకోలేదు. నా ఫైలే. పద్నాలుగు నెలలు కూర్చుని రాసిన టెస్ట్‌బెంచ్, అంటే చిప్పు డిజైన్ సరిగ్గా పనిచేస్తోందా లేదా అని పరీక్షించే కోడ్. 'మీకు అనుమతి లేదు' అని ఎర్రగా ఒక లైను. పాస్‌వర్డ్ తప్పేమో అని మళ్ళీ కొట్టాను, లాగవుట్ అయి వచ్చాను, చివరికి సిస్టమ్ రీస్టార్ట్ చేశాను. ఐటీ వాళ్ళకి టికెట్ పెడితే లీగల్‌కి తోశారు. లీగల్ వాళ్ళు ఒక ఫారం పంపారు. ఏ దేశపు పౌరుడివి, ఎక్కడ పుట్టావు, గ్రీన్ కార్డు ఉందా. తొమ్మిదేళ్ళుగా జీతం ఇస్తున్నవాళ్ళకి, నేను తెనాలిలో పుట్టానన్న సంగతి మీద నిన్నే డౌటొచ్చింది.

విషయం ఏంటంటే, మేం చేసే చిప్పులో ఒక భాగం ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ కిందకి, అంటే సర్కారు అనుమతి లేకుండా బయటి దేశాలకి ఇవ్వకూడని టెక్నాలజీ కిందకి వస్తుందని ఎవరో లాయరు తేల్చారు. చైనా చేతికి చిక్కకూడని సరుకు. సరే, చైనాకి పంపకండి, మధ్యలో నన్నెందుకు ఆపడం? అక్కడే ఉంది కిటుకు. 'డీమ్డ్ ఎక్స్‌పోర్ట్' అని ఒకటుంది ఇక్కడ. అమెరికా గడ్డ మీదే, నాలుగు గోడల మధ్యే, పరాయి దేశస్థుడికి అలాంటి టెక్నాలజీ చూపించినా అతని దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. అంటే శాన్ హోజేలో కుర్చీలో కూర్చుని నేను స్క్రీన్ వైపు చూస్తే, ఆ డిజైన్ విమానమెక్కి శంషాబాద్‌లో దిగిపోయినట్టు. నేను మాత్రం అక్కడ దిగి మూడేళ్ళయింది, వీసా స్టాంపింగ్ డేట్లు దొరక్క. (హెచ్1బీ వాళ్ళు మీ వీసా కోసం కంపెనీ వేసిన ఐ-129 ఫారంలో ఆరో భాగం ఒకసారి తీసి చూసుకోండి. ఈ మనిషికి టెక్నాలజీ చూపించడానికి లైసెన్సు కావాలా అక్కర్లేదా అని కంపెనీ అక్కడ టిక్కు పెట్టే ఉంటుంది.) చట్టం ఇండియా వాళ్ళని ఇంత దూరం పెట్టమందా అంటే నాకు అనుమానమే. కానీ మా లాయర్లకి ఆ తేడాలు చూసే ఓపిక ఎక్కడిది? గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు లోపల, లేనివాళ్ళు బయట. అయిపోయింది.

ఇప్పుడు అసలు మంట. నా పక్క సీటాయనది చైనా. చెంగ్డూలో పుట్టి పెరిగాడు. నిరుడు గ్రీన్ కార్డు వచ్చింది. కాబట్టి నా ఫైలు ఆయనకి తెరుచుకుంటుంది. 'అందులో ఒక్క లైను చూపించవయ్యా, నేనేం రాశానో మర్చిపోయాను' అని అడిగితే, పాపం ముఖం చిన్నబుచ్చుకుని మానిటర్ అటు తిప్పుకున్నాడు. చైనాకి అందకూడని రహస్యాన్ని చైనాలో పుట్టినాయన తెనాలివాడి నుంచి కాపాడుతున్నాడు. ఇది ఎవరికైనా చెబితే జోకు చెప్పాననుకుంటారు.

ఆయనకి ముందెలా వచ్చింది అంటారా? ఆయన 2020లో అప్లై చేశాడు, నేను 2017లో. గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే కోటా కదా, నూట నలభై కోట్ల ఇండియాకైనా, మన మండలమంత లేని దేశానికైనా. అందులో ఈబీ-2 అని మాలాంటి పెద్ద చదువుల ఉద్యోగుల క్యూ ఒకటి. 2025 చివరికి అది చైనాకి 2021లో అప్లై చేసినవాళ్ళ దాకా వచ్చింది, మనకి 2013 వాళ్ళ దగ్గర మొరాయించింది. శత్రుదేశం వాడికి తొందరగా తలుపు తీస్తారు, మిత్రదేశం వాడు అరుగు మీద కూర్చోవాలి. మా అమ్మాయికి 21 నిండితే నా అప్లికేషన్‌లోంచి దాని పేరు ఎగిరిపోయే ప్రమాదం వేరే. ఆ లెక్క ఇంట్లో ఎవరూ పైకి అనరు కానీ దాని పుట్టినరోజు కేకు కోసినప్పుడల్లా మా ఆవిడా నేనూ మనసులో వేసుకుంటూనే ఉంటాం.

మిత్రదేశం అంటే గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఈ మంటలో ఉండగానే ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయ్ ఒక వీడియో పడేశాడు. అమెరికా చైనాని ఎలా తొక్కేస్తోందో, ఇక మనకి పండగే పండగ అని. కింద 'ఏం అబ్బాయ్, మీ వాళ్ళు భలే దెబ్బ కొట్టారు' అని నాకు ట్యాగు. మా వాళ్ళా? బాబాయ్, 2025 జనవరిలో బైడెన్ దిగిపోతూ దిగిపోతూ ఏఐ చిప్పులు ఎవరికి ఎన్ని అమ్మాలో ఒక రూలు పెట్టాడు. అడిగినన్ని ఇచ్చే దగ్గరి చుట్టాలు 18. ఆ పద్దెనిమిదిలో మనం లేం. మనది రెండో పంక్తి, కొలిచి వడ్డించే పంక్తి. మేలో ట్రంప్ వచ్చి ఆ రూలు ఎత్తేశాడు, అది వేరే సంగతి. పెళ్ళికి పిలిచి రెండో పంక్తిలో కూర్చోబెడితే మా బాబాయ్ విస్తరి ముందు నుంచి లేచిపోయే మనిషి. ఇక్కడ మాత్రం చప్పట్లు కొడుతున్నాడు.

పోనీ చైనా విషయంలోనైనా గట్టిగా ఉన్నారా? 2022 అక్టోబరు 7న రూలొచ్చింది, ఎన్విడియా కంపెనీ ఏఐ చిప్పులు ఏ100, హెచ్100 చైనాకి అమ్మకూడదని. ఎన్విడియా ఏం చేసింది, చిప్పుల మధ్య వేగం కాస్త తగ్గించి ఏ800, హెచ్800 అని పేరు మార్చి అమ్మింది. 2023 అక్టోబరులో అవీ ఆపారు. హెచ్20 అని ఇంకోటి చేసింది. 2025 ఏప్రిల్‌లో దానికీ లైసెన్సు కావాలన్నారు. ఆగస్టుకల్లా ఏమైంది? అమ్ముకో, వచ్చినదాంట్లో 15 శాతం సర్కారుకి కట్టు అన్నారు. డిసెంబరులో ట్రంప్ గారు హెచ్20 కాదు, దానికంటే ఎంతో బలమైన హెచ్200 కూడా అమ్ముకోమన్నారు, 25 శాతం ఇస్తే. మా దుగ్గిరాల పసుపు యార్డులో కమీషన్ ఏజెంటు కూడా ఇంత లాగడు. దేశ భద్రతకి రేటు కట్టి నాలుగు నెలల్లో పది పాయింట్లు పెంచారు! చిప్పు మొత్తం డబ్బాలో పెట్టి పంపొచ్చు, నేను మాత్రం నా టెస్ట్‌బెంచ్ చూడకూడదు. నాకూ ఒక రేటు చెప్పండి, కట్టేస్తాను.

ఆపితే ఆగారా అంటే అదీ లేదు. 2023 ఆగస్టులో అమెరికా వాణిజ్య మంత్రి రైమోండో చైనాలో ఉండగానే చైనా కంపెనీ హువావే మేట్ 60 ప్రో ఫోను దింపింది, లోపల చైనా ఫ్యాక్టరీ ఎస్ఎంఐసీ చేసిన 7 నానోమీటర్ చిప్పు, ఈ ఆంక్షలు ఆపాలనుకున్న రకమే. అతిథి ఇంట్లో ఉండగా టపాకాయలు కాల్చినట్టు.

మా నాన్న ఉంటే నవ్వేవాడు. ఆయన కంచన్‌బాగ్ వైపు ఒక ల్యాబులో టెక్నీషియన్. 1998లో పోఖ్రాన్ పేలాక అమెరికా ఎంటిటీ లిస్టులోకి, అంటే లైసెన్సు లేకుండా సరుకు అమ్మకూడని సంస్థల జాబితాలోకి, మన హైదరాబాద్ సంస్థలు చాలా ఎక్కాయి. ల్యాబులో ఒక కొలత మిషను పాడైతే స్పేర్ పార్టు రాలేదు. అమ్మిన కంపెనీ చాలా మర్యాదగా ఉత్తరం రాసిందట, చింతిస్తున్నాం అని. ఆ పార్టు వీళ్ళే లేత్ మీద తిప్పుకున్నారు. మూడుసార్లు పాడుచేసి నాలుగోసారి కుదిరిందని ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా చెప్పాడు. అక్కడి క్షిపణి సంస్థలు డీఆర్‌డీఎల్, భారత్ డైనమిక్స్ పేర్లు ఆ లిస్టులోంచి తీసింది 2011లో. అప్పటికి నాన్న రిటైరైపోయాడు. నేను ఇక్కడ ఎంఎస్‌లో ఉన్నాను. 'వాళ్ళ తాళాలు వాళ్ళకే కావాలిరా' అని ఫోన్లో అన్నాడు. అప్పుడు ముసలాయన చాదస్తం అనుకున్నాను.

పక్క సీటాయన మానిటర్ తిప్పుకోవడం గురించి ఇంకో మాట. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. 2018లో చైనా గూఢచారుల్ని పడతామని అమెరికా సర్కారు 'చైనా ఇనీషియేటివ్' అని పెట్టి ప్రొఫెసర్ల మీద పడింది. ఎంఐటీలో ప్రొఫెసర్ గాంగ్ చెన్‌ని 2021 జనవరిలో అరెస్టు చేసి, ఏడాది తిప్పి, తర్వాతి జనవరిలో కేసు ఎత్తేశారు. పోయిన ఏడాది ఎవరిస్తారు? అంతకు ముందు చైనాలో పుట్టిన రాకెట్ శాస్త్రవేత్త చ్యెన్ శ్యూసెన్ కథ ఉండనే ఉంది. ఇదే కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడు. 1950లో కమ్యూనిస్టువని క్లియరెన్స్ పీకేసి, ఐదేళ్ళు కదలనివ్వకుండా ఉంచి, 1955లో చైనాకి పంపేశారు. వెళ్ళి వాళ్ళకి క్షిపణులు చేసిపెట్టాడు. ఈ కథ నాకు చెప్పింది మా పక్క సీటాయనే, క్యాంటీన్‌లో, చుట్టూ ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి.

కింద కామెంట్లలో 'తిరిగొచ్చెయ్ అన్నా, ఇక్కడ సెమీకండక్టర్ మిషన్ ఉంది' అనబోయే తమ్ముళ్ళకి ముందే దండం. తెలుసు. చదివాను. మా అమ్మాయి తెలుగులో 'ళ' పలకలేదు, దాన్ని తీసుకొచ్చి ఏ స్కూల్లో వెయ్యాలో చెప్పి అప్పుడు పిలవండి. 'వాళ్ళ దేశం వాళ్ళిష్టం' అనేవాళ్ళకి కూడా దండం. ఇష్టమే. ఆ ఇష్టం చిప్పు అమ్మేటప్పుడు ఎక్కడికి పోయిందని నా బాధ.

ఫారం నింపి పంపాను. పుట్టిన ఊరు దగ్గర తెనాలి అని రాస్తే స్పెల్లింగ్ సరిచూసుకోమని వెనక్కొచ్చింది. మళ్ళీ పంపాను. అనుమతి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలట. ఈలోగా మేనేజర్ క్యాలెండర్ ఇన్వైట్ పంపాడు, రేపు పొద్దున పదింటికి మీటింగు. విషయం: టెస్ట్‌బెంచ్‌లో బగ్ ఎందుకొచ్చింది, వివరించాల్సింది నేను. చైనా ఆయన నోట్స్ రాసుకుంటాడట.