హాయ్ గుర్రం!

మా ఇంటిపేరు గుర్రం. తాతల నాటిది, ఇందులో నా తప్పేం లేదు. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక రాసుకోవడం మనవాళ్ల అలవాటు. మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలీదు. అందుచేత బెంగళూరు మారతహళ్లిలో పెళ్లికార్డుల ప్రెస్సు నడుపుకునే నాకు సోమవారం పొద్దున్నే ఇలా దిగుతుంది:

"హాయ్ గుర్రం! మీ వెబ్‌సైట్ చూశాను, ఎంతో నచ్చింది. గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తాం. పదిహేను నిమిషాలు మాట్లాడుకుందామా?"

నాకు వెబ్‌సైట్ లేదు.

లేనిదాన్ని మెచ్చుకోవడం సామాన్యమైన విద్య కాదు. మా ఊళ్లో గంగిరెద్దులాయన కూడా గడప ముందు నిలబడి మా తాతని దానకర్ణుణ్ణి చేసేవాడు. కాకపోతే పక్కింట్లో వాకబు చేసి పేరు సరిగ్గా పలికేవాడు, ఎద్దుని తనే తెచ్చుకునేవాడు. ఇక్కడ ఆ వేషం కూడా నాకే కట్టారు.

ఈ శాస్త్రానికి మూలపురుషుడు గ్యారీ థూర్క్. 1978 మే 3న డీఈసీ కంపెనీ తరఫున, మా కంప్యూటర్లు చూడ్డానికి రండంటూ ఇంటర్నెట్‌కి ముందు తరం నెట్‌వర్క్ అయిన అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి మెయిల్ కొట్టాడు. తిట్లు తిన్నాడు, సరుకూ అమ్ముకున్నాడు. శిష్యులకి రెండోదే గుర్తుంది.

జీమెయిల్‌కి రోజుకి 5,000 పైగా పంపేవాళ్ల మీద స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని 2024లో గూగుల్ కట్టడి పెట్టింది. వీళ్లు ఆగుతారా? డొజన్ల కొద్దీ డొమైన్లు, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేర్లు, కొని తలా కాసిని పంచి పంపుతారు. కొత్త మెయిల్‌బాక్సుకి పరపతి రావాలి గనక "వార్మప్" అని ఒక తంతు. ఒక మెషిన్ ఇంకో మెషిన్‌కి "మీ ఆలోచన అద్భుతం" అని రాస్తుంది. అది "మీరు మరీనండీ" అంటుంది. ఒకరి ఉత్తరం స్పామ్‌లో పడితే రెండోది వెళ్లి, దుమ్ము దులిపి, బయటికి తెచ్చి కూర్చోబెడుతుంది. తెల్లవార్లూ ఇదే వరస, మధ్యలో మనిషన్నవాడు లేడు. ఇన్నేళ్లుగా పెళ్లికార్డులు అచ్చేస్తున్నాను, వియ్యంకుల మధ్య ఇంత మర్యాద ఏ విడిదింట్లోనూ చూళ్లేదు.

అడక్కుండా వచ్చి అమ్మేవాడంటే నాకేం పగ లేదు. షాపు బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడు ఒకాయన మెయిల్ పెట్టాడు: "సార్, మీ బోర్డులో కన్నడ చిన్నదిగా ఉంది. నోటీసు రాకముందే మార్చిస్తా. కొలతకి ఎప్పుడు రమ్మంటారు?" కింద నా బోర్డు ఫోటో. సాయంత్రమే రమ్మన్నాను. పాపం, ఆయన నిజంగానే నా గుమ్మం ముందు నిలబడి చూశాడు మరి.

గుర్రం గారి అభిమాని అలా కాదు. జవాబివ్వకపోతే రెండోది, "నా మెయిల్‌ని మళ్లీ పైకి తెస్తున్నా" అంటూ మూడోది. నాలుగోదానికి సబ్జెక్టు ముందు "రీ:" తగిలించాడు, నేనేదో అడిగితే వాడు జవాబిచ్చినట్టు! ఆ రాత్రి ఒక ఆడపిల్ల తండ్రి ప్రూఫ్ ఓకే చేస్తాడని కళ్లు కాయలు కాచేలా కూర్చున్నాను. ముహూర్తం పదకొండు రోజుల్లో ఉంది. "రీ:" కనబడగానే ఓకే వచ్చేసిందని, ప్లేటు ఎక్కించమని కుర్రాడికి కేకేశాను. తెరిస్తే, హాయ్ గుర్రం. ఇది మార్కెటింగా? పచ్చి అబద్ధం. చుట్టం గొంతు పెట్టి తలుపు కొట్టేవాణ్ణి మా ఊళ్లో దొంగంటారు. మెయిళ్లు పంపించే కంపెనీల పెద్దలూ, మీరు దాన్ని "ఓపెన్ రేటు" (మెయిల్ తెరిచినవాళ్ల శాతం) అని ముద్దుగా పిలిచి, ఇన్సెంటివ్ ఎర చూపి, నిన్న మొన్న డిగ్రీ పాసైన పిల్లల చేత చేయిస్తున్నారు. సిగ్గుండాలి.

ఐదోది నిన్న వచ్చింది, సంక్రాంతికి అలిగిన కొత్తల్లుడిలా. "గుర్రం, ఇదే నా ఆఖరి మెయిల్. మీ ఫైలు క్లోజ్ చేసేయమంటారా?"

"చేసెయ్ నాయనా" అని మొదటిసారి జవాబిచ్చాను.

నిమిషం తిరక్కుండా వచ్చింది: "మీ ఆసక్తికి ధన్యవాదాలు, గుర్రం! మంగళవారం పదిన్నరకి ఖాళీయేనా?"